బట్టతల ఎవరి దిక్కుది

నవంబరు 10, ఆదివారం

ఆ జుట్టు ఆయనది కాదు.

ఇంట్లో ఎవరికీ చెప్పలేను కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను. పొద్దున కార్వాన్ నుంచి పెళ్లిచూపులకి వచ్చారు. అబ్బాయి పేరు బాలరాజ్. వాళ్లది పాల వ్యాపారం, ఇంటి వెనకే బర్రెల కొట్టం. నేను చాయ్ ట్రే పట్టుకుని వచ్చేసరికి మా ముందుగదిలో ఫ్యాను కింద కూర్చుని ఉన్నాడు. గాలికి వాళ్ల అమ్మ ఎల్లమ్మ గారి కొంగు ఎగురుతోంది. గోడ మీద క్యాలెండరు ఎగురుతోంది. మా తమ్ముడు చింటు నుదుటి మీద మిగిలిన కాసిని వెంట్రుకలు కూడా ఎగురుతున్నాయి. బాలరాజ్ జుట్టు మాత్రం ఫొటోకి నిలబడ్డట్టు నిలబడి ఉంది.

ట్రే కింద పెట్టి, ఉక్కగా ఉందంటూ ఫ్యాను ఐదు మీద పెట్టాను. క్యాలెండరు ఊడి కింద పడింది. జుట్టు కదలలేదు.

మిగతాదంతా నచ్చింది అని రాయను. నచ్చలేదని కూడా రాయను. పక్కగదిలో మాట్లాడుకోమన్నప్పుడు ఆయన మొదట అన్నమాట ఇది: "మా ఇంట్ల తెల్లారకముందే లేవాలె. పెండ వాసన ఉంటది. మా అమ్మ గొంతు జర పెద్దది. అన్నీ ముందే చెప్తున్న, మళ్ల చెప్పలేదనొద్దు." అన్నీ ముందే చెప్పాడు, ఒక్క తల సంగతి తప్ప.

వాళ్లు వెళ్లాక అమ్మమ్మ తీర్పు చెప్పింది. మా అమ్మమ్మ కాశమ్మ మా అమ్మకి తల్లి. తాత పోయినప్పటి నుంచి మా దగ్గరే ఉంటోంది. అల్లుడితో నేరుగా మాట్లాడదు. అనాల్సింది గోడకి చెప్తుంది, గోడ పక్కన కూర్చున్న మా బాపుకి వినిపిస్తుంది.

"పిలగాడు మంచిగున్నడు. ఎంటికలు చూసిన్రా, ఎంత దట్టంగ ఉన్నయో! ఈ ఇంటికి ఇంకొక బోడి అల్లుడు వస్తే మాత్రం నేను గడప దాటనియ్య."

బాపు పేపరు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. జలమండలిలో వాల్వులు తిప్పే ఉద్యోగం ఆయనది. మాదన్నపేటలో సగం ఇళ్లకి నీళ్లు ఆయన చేతి మీదే వస్తాయి. ఆ మనిషి మా ఇంట్లో నోరు తెరవడు. పెళ్లినాటి ఫొటోలో ఒత్తైన క్రాపు ఉంది. చింటు పుట్టేసరికి తల అద్దమైందట. అత్తగారిని మోసం చేశాడని, చింటు జుట్టు ఊడటం మొదలైనప్పటి నుంచి ఆయన మీద కేసు నడుస్తూనే ఉంది.

నవంబరు 11, సోమవారం

అమ్మకి చెప్తే సంబంధం పోతుంది. అందుకని చెప్పలేదని కాదు. ఊరికే చెప్పలేదు.

నవంబరు 14, గురువారం

కాలేజీలో సెకండియర్ పిల్లలకి జన్యుశాస్త్రం మొదలుపెట్టాను. బఠాణీ మొక్కలు, పొడుగు పొట్టి, డామినెంటు రిసెసివు అయ్యాయి. అంతలో ఒకడు లేచి, "మేడం, బట్టతల డామినెంటా, రిసెసివా?" అన్నాడు. వాడు అడిగింది ప్రిన్సిపాల్ గారిని దృష్టిలో పెట్టుకుని అని తెలుసు.

లోకంలో అన్నీ ఆ రెండు పెట్టెల్లో పట్టవని చెప్పాను. ఎర్రపూవునీ తెల్లపూవునీ కలిపితే గులాబీ రంగు వచ్చే మొక్కలున్నాయి. ఏ బి రక్తంలో రెండూ సమానంగా పెత్తనం చేస్తాయి, ఎవరూ తగ్గరు. బట్టతల ఇంకా గడుసుది. అందులో పెద్ద వాటా ఉన్న జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. మగపిల్లవాడికి ఎక్స్ వచ్చేది తల్లి దగ్గర్నుంచే, తండ్రి ఇచ్చేది వై. అదే జన్యువు ఆడదాని దగ్గర ఉంటే చాలావరకు చప్పుడు చేయకుండా పడుంటుంది, జడ జడలాగే ఉంటుంది. కొడుకులోకి వెళ్లాక మగ హార్మోను తోడై జుట్టు రాలగొడుతుంది. అదొక్కటే కాదు, చిన్నచిన్న వాటాదార్లు ఇంకా చాలామంది, అవి ఇటు నుంచీ అటు నుంచీ కూడా వస్తాయి. "కాబట్టి నాన్నని తిట్టే ముందు ఒకసారి మీ అమ్మమ్మ గారింటికి వెళ్లి చూసి రండి" అన్నాను.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు మగపిల్లలందరూ తలలు తడుముకున్నారు.

బాలరాజ్ మెసేజ్ పెట్టాడు, "తిన్నరా?" అని. తిన్నానన్నాను. నిజానికి అప్పటికి తినలేదు.

నవంబరు 17, ఆదివారం

మాట్లాడుకోవడానికి ఎక్కడికైనా వెళ్దామంటే మీరాలం చెరువులో బోటు ఎక్కుదామన్నాను. అక్కడ గాలి బాగా వీస్తుంది. అందుకే అన్నాను. నాకు సిగ్గు లేదు.

తోడుగా చింటుని పంపారు. బోటు నడి చెరువులోకి వెళ్లగానే బాలరాజ్ కుడిచేత్తో తల పట్టుకున్నాడు. "జర తలనొప్పి లేస్తున్నది" అన్నాడు. గాలి వాటం మారితే ఎడమచేత్తో పట్టుకున్నాడు. చింటు ఆయన తల వంక దేవుణ్ణి చూసినట్టు చూస్తున్నాడు.

"బావా, ఏం నూనె పెడ్తరు?"

"మామూలుదే. కొబ్బరినూనె."

"గంతేనా? నేను ఉల్లిగడ్డ రసం పెట్టిన, గుడ్డు పెట్టిన, బోరు నీళ్లు బంద్ చేసిన. ఏం లాభం లేదు బావా. అంత మా బాపు దిక్కు నుంచి వచ్చింది."

బాలరాజ్ నీళ్ల వంక చూస్తూ, "మా బాపుకు అరవై దాటినయి. దువ్వెన విరుగుతది, గంత ఎంటికలు" అన్నాడు. అన్నాక ఎందుకన్నానా అన్నట్టు మొహం పెట్టాడు. నాకు నవ్వాగలేదు. చెరువులో కొంగ ఏదో చేసిందని చెప్పి నవ్వాను. కొంగ ఏమీ చేయలేదు.

దిగేటప్పుడు బోటు ఊగింది. రెండు చేతులూ తల మీద నుంచి తీసేసి నన్ను పట్టుకున్నాడు. తల సంగతి ఆ క్షణం మర్చిపోయాడు. నేను కూడా మర్చిపోయాను.

నవంబరు 18, సోమవారం

చింటు కొబ్బరినూనె డబ్బా పెద్దది తెచ్చాడు. దిండ్లన్నీ జిడ్డు. అమ్మ లొల్లి.

నవంబరు 20, బుధవారం

కొంప మునిగింది.

అమ్మమ్మ నా ఎదురుగానే ఎల్లమ్మ గారికి ఫోన్ చేసింది. "ఈ సంబంధం కుదిరితే పిలగానితోని తలెంటికలు ఇప్పిస్తనని గుట్ట నర్సింహసామికి మొక్కిన వదినా. పెండ్లి మాఘంల గదా, అప్పటికి ఎంటికలు మంచిగ పెరుగుతయి. మొక్కు తీరినంకనే లగ్గం పెట్టుకుందం" అంది. అవతల ఎల్లమ్మ గారి పెద్ద గొంతు కూడా చిన్నబోయింది. దేవుడి మొక్కు కాబట్టి కాదనడానికి లేదు.

గుట్టకెళ్లి కల్యాణకట్టలో కూర్చుని మంగలి ముందు తల వంచితే ఏమవుతుందో నాకు కళ్లకి కట్టినట్టు కనపడుతోంది. కత్తి కంటే ముందు జుట్టే ఊడి వస్తుంది. అమ్మమ్మ పక్కనే నిలబడి ఉంటుంది. సంబంధం అక్కడికక్కడే ఖతం.

పెళ్లికొడుకు చేత గుండు కొట్టించే మొక్కు ఎక్కడైనా ఉందా అని అమ్మమ్మని అడిగాను. "నా మొక్కు నా ఇష్టం" అంది.

నవంబరు 21, గురువారం

మెసేజ్ రాలేదు.

నవంబరు 22, శుక్రవారం

రాలేదు. నేనేం ఎదురుచూడటం లేదు. కాలేజీలో ఫోన్ బల్ల మీద పెట్టుకున్నది టైం చూసుకోవడానికి. గోడ మీద గడియారం ఉంది, అది వేరే సంగతి.

నవంబరు 23, శనివారం

చింటు అద్దం ముందు నిలబడి బాపుని అనరాని మాటలన్నాడు. వాడు కానిస్టేబుల్ పరీక్షకి తయారవుతున్నాడు. దేహదారుఢ్య పరీక్షలో జుట్టు కొలవరని ఎంత చెప్పినా వినడు. "నీ తల నాకిచ్చినవ్, నీ వాల్వుల నౌకరి గూడ నాకే ఇయ్యి" అన్నాడు. అమ్మమ్మ గోడతో, "ఇత్తు మంచిది గాకపోతే చెట్టేం చేస్తది" అంది. బాపు అన్నం ముద్ద కంచంలోనే పెట్టి చెయ్యి కడుక్కున్నాడు.

ఫోన్ రాని కోపం కూడా అందులో కలిసిందేమో, నాకు తిక్క లేచింది.

"చింటు తల బాపుది కాదు, సగం కంటే ఎక్కువ అమ్మ దిక్కుది" అన్నాను.

"నాకేమన్న బట్టతల ఉన్నదా?" అని అమ్మ జడ ముందుకేసి చూపించింది. పిడికిట్లో పట్టని జడ.

క్రోమోజోములు చెప్తే లాభం లేదు. అమ్మమ్మ పుట్టిల్లు పాలవాళ్లిల్లే, అందుకని బర్రెల లెక్కలో చెప్పాను. "అమ్మమ్మా, దున్నపోతును ఏం చూసి ఎంచుకుంటరు?"

"దాని తల్లి ఎన్ని పాలిచ్చిందో చూసి."

"దున్నపోతు పాలిస్తదా?"

"నీకు పిచ్చి లేసిందా? అది ఇయ్యది. దాని బిడ్డ ఇస్తది."

"అంటే పాల గుణం దాని లోపల ఉంది, బయటికి కనపడదు, బిడ్డకి పోతుంది. బట్టతల దీనికి తిరగేసి. అమ్మ లోపల ఉంది, అమ్మకి కనపడదు, కొడుక్కి పోతుంది. మరి అమ్మకి ఎక్కడి నుంచి వచ్చి ఉండాలి?"

అమ్మ మొహం ఎర్రబడింది. "మా బాపు మొగులయ్యకు నిండుగ ఉండె ఎంటికలు!"

"నువ్వు చూసినవా?"

"చూడకేంది! మస్తు సార్లు చూసిన. తలకు తెల్ల రుమాలు చుట్టుకొని..." అని ఆగింది. ఆలోచించింది. గోడ మీద తాత ఫొటో వంక చూసింది. ఫొటోలో రుమాలు. పెళ్లి ఫొటోలో రుమాలు. మమ్మల్ని ఎత్తుకున్న ఫొటోలో రుమాలు.

"రుమాలు తీసినప్పుడు చూసినవా అమ్మా?"

అమ్మమ్మ లేచి లోపలికి వెళ్లిపోయింది. బాపు మొదటిసారి పేపరు కిందికి దించాడు.

నవంబరు 24, ఆదివారం

ఇది ఎవరికీ చెప్పనని అమ్మమ్మకి ఒట్టు వేశాను. రాయనని వేయలేదు.

అమ్మ మార్కెట్‌కి వెళ్లింది. అమ్మమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. తర్వాత చిక్కుడుకాయలకి చెప్తున్నట్టు చెప్పింది.

"పెండ్లయిన నెలకు తెలిసింది నాకు. పండుకున్నప్పుడు రుమాలు జారింది. ఇరవై నాలుగేండ్ల మనిషి, తల అరచెయ్యి లెక్క ఉన్నది. లేచి నా కాళ్లు పట్టుకుండు. ఎవలకు చెప్పొద్దని నా తల మీద చెయ్యి పెట్టి ఒట్టు ఏయించుకుండు. ఇగ ఆయన పోయేదాక నేను కావలి. ఆయన తానం చేస్తుంటే తలుపు కాడ కావలి. జరమొచ్చి దవాఖానల పడుకుంటే మంచం కాడ కావలి. సొంత బిడ్డను గూడ దగ్గరికి రానియ్యలె. ఆఖరికి పోయినప్పుడు గూడ రుమాలు నేనే సక్కగ కట్టిన."

"మరి బాపును ఎందుకు అంటవు?"

"మనుమని ఎంటికలు ఊడబట్టె. ఎవల దిక్కని అడుగుతరు గద. మీ తాత మీదికి రాకముందే నేను అల్లుని మీదికి తోసిన." చిక్కుడుకాయ విరిచింది. "ఆయన గూడ ఎన్నడు ఎదురు చెప్పకపాయె. చెప్తే నేను ఊకుందునేమో."

నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. అయినా ఆమె ఒళ్లోంచి చిక్కుడుకాయలు తీసుకుని మిగతా ఈనెలు నేను తీశాను.

అప్పుడు నాకు ఇంకోటి వెలిగింది. "అమ్మమ్మా, నువ్వు గుట్టకు మొక్కింది..."

"గా కార్వాన్ పిలగాని సంగతా? నువ్వు ఫ్యాను ఐదు మీద పెట్టినప్పుడే చూసిన. నీ ఒక్కదానికే కండ్లున్నయా?" అని నా నెత్తి మీద మొట్టింది. "బోడితలోనితోని బతకొచ్చు బిడ్డా. దాసుకునేటోనితోని బతుకుడు మస్తు కష్టం. నేను బతికిన, నాకు ఎర్క. పిలగాడు తనంతట తాను వచ్చి చెప్తే చేస్కో. కత్తి కిందికి వచ్చేదాక దాస్తే మాత్రం నేను చెయ్యనియ్య. నువ్వు ఫోన్ చేసి ముందుగాల చెప్పినవో, నా పీనుగును చూస్తవు."

నవంబరు 25, సోమవారం

ఆయనకి చెప్పకూడదు. చెప్పకపోతే ఆయన రాడు. రాకపోతే నాకేం? చాలా సంబంధాలు వస్తాయి. పోయినసారి వచ్చిన వాడు టీవీ వైపు చూస్తూ నా జీతం అడిగాడు. దానికి ముందువాడు అసలు ఏమీ అడగలేదు.

నాకు ఈయనే కావాలి. రాసేశాను, ఇక కొట్టేయను.

ఇవాళ క్లాసులో ఎక్స్ క్రోమోజోము బొమ్మ బోర్డు మీద గీస్తూ గీస్తూ ఆగిపోయాను. చింటుది అమ్మ ఇచ్చింది, సరే. నావి రెండు. ఒకటి అమ్మ ఇచ్చింది, అందులో తాత తల ఉండొచ్చు. రెండోది బాపు ఇచ్చింది. ఆయనకున్నది ఒక్కటే ఎక్స్, ఆ తల లోకమంతా చూసినదే. అంటే నేను చేసుకునేవాడికి జుట్టున్నా లేకపోయినా నా కొడుకులకి దాదాపు ఆశ లేదు. ఆ మనిషి అతికించుకున్న తలని చూసి ఇన్ని రోజులుగా నవ్వుకుంటున్నాను. అసలు సరుకు నా జడలో పెట్టుకుని ఫ్యాను తిప్పాను. పిల్లలు, "మేడం, బొమ్మ సగమే వేసిన్రు" అన్నారు.

సాయంత్రం ఫోన్ చేశాను. ఆయన సంగతి ఎత్తనని మాత్రమే ఒట్టు. నా సంగతి నేను చెప్పుకోవచ్చు.

"నేను ఒక మాట ముందే చెప్పాలి" అన్నాను. "మా ఇంట్లో మగవాళ్లకి బట్టతల. నాకు జడ ఉంది గానీ లోపల అదే ఉంది. రేపు మనకి కొడుకు పుట్టి వాడికి ముప్పైలోపే జుట్టు ఊడితే అందులో పెద్ద వాటా నాది. మీ నుంచి వాడికి ఆ ఎక్స్ రాదు. మిగతా చిన్నచిన్నవి వస్తే రావచ్చు. మళ్లీ చెప్పలేదనొద్దు."

అవతల బర్రె అరిచింది. ఇంకోటి అరిచింది.

"ఉన్నారా?"

"ఉన్న" అన్నాడు. "పాలు పిండేది ఉన్నది. మళ్ల చేస్త."

మళ్లీ చేయలేదు.

నవంబరు 26, మంగళవారం

పొద్దున్నే తలుపు చప్పుడైంది. అమ్మమ్మ తీసింది. నేను బ్రష్ నోట్లో పెట్టుకుని వెనకాల నిలబడ్డాను.

చేతిలో పాల క్యాను, చంకలో హెల్మెట్, తల మీద ఏమీ లేదు. పక్కల్నించి వెనక్కి ఒక గుర్రపునాడా అంత జుట్టు, నడిమధ్య నున్నటి నెత్తి. చలికి ఎర్రబడింది.

అమ్మమ్మ పైనుంచి కింది దాకా చూసింది. "ఎవలు నువ్వు?"

"నేనే అమ్మమ్మా, బాలరాజ్‌ను."

"బాలరాజ్‌కు ఎంటికలున్నయి గద. పెండ్లిచూపులకు వచ్చిన పిలగాడు ఏడి?"

"ఆయన ఇగ రాడు. వస్తే నేనే వస్త." పాల క్యాను కింద పెట్టాడు. "తప్పైంది. ఇంతకుముందు తల చూసి ఒకరు వద్దన్నరు, ఇంకొకరు వద్దన్నరు. అందుకే పెట్టుకున్న. తనూజ గారు నిన్న వాళ్ల దిక్కుది చెప్పిన్రు. అడగకముందే చెప్పిన్రు. నాకు రాత్రంత నిద్ర పట్టలె."

అమ్మమ్మ వెనక్కి తిరిగి నన్ను చూసింది. ఆ చూపులో తిట్టుంది, మెచ్చుకోలూ ఉంది. "లోపలికి రా. చలి పెడ్తది" అంది.

అమ్మ చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. బాపు లేచి వెళ్లి తను కూర్చునే కుర్చీ తెచ్చి వేశాడు. మా బాపు ఆ కుర్చీ ఎవరికీ ఇవ్వడు. అందరికంటే ఘోరంగా దెబ్బతిన్నది చింటు. "మరి గా కొబ్బరినూనె?" అన్నాడు, ఏడుపు ఒక్కటే తక్కువ.

"ఆదివారం గుట్టకు వస్త అమ్మమ్మా. ఉన్న కాడికి ఇస్త" అన్నాడు బాలరాజ్.

అమ్మమ్మ గొంతు మొదటిసారి తగ్గింది. "మొక్కు లేదు బిడ్డా. నేను ఉత్తగనే అన్న."

అమ్మ గ్లాసు వదిలేసింది. "సామి పేరు మీద అబద్ధమా! అమ్మా, నీకు బుద్ధి ఉన్నదా? లగ్గం ముంగట పెట్టుకొని! ఇప్పుడెట్ల?"

సామితో పరాచికాలాడితే ఊరుకుంటాడా? బాపు కూడా మెడ తడుముకున్నాడు.

"ఎట్లేంది? నోరు జారింది నాది. నా తలే ఇస్త" అంది అమ్మమ్మ.

డిసెంబరు 1, ఆదివారం

గుట్ట నుంచి ఇప్పుడే వచ్చాం. కాళ్లు లాగుతున్నాయి, అయినా రాయాలి.

కల్యాణకట్టలో అమ్మమ్మ కొప్పు విప్పి కూర్చుంది. తెల్లటి జుట్టు నడుం దాకా ఉందని నాకు ఇప్పటిదాకా తెలియదు. కత్తి మొదలుపెట్టగానే కళ్లు మూసుకుంది. అమ్మ మొహం తిప్పుకుంది. బాలరాజ్ అమ్మమ్మని ఒంటరిగా కూర్చోనివ్వలేక పక్క పీట మీద కూర్చుని ఉన్న కాడికి ఇచ్చేశాడు. అది చూసి బాపు కూర్చున్నాడు. చింటు కాసేపు తచ్చాడి, "ఎట్లనన్న పోయేదే గద" అని వాడూ కూర్చున్నాడు. మంగలి, "పైసలు అందరికి ఒకటే, ఎంటికలు లేవని తక్కువ ఇయ్యొద్దు" అన్నాడు.

స్నానాలయ్యాక అమ్మమ్మ గంధం గిన్నె పట్టుకుని వరసగా అందరి తలలకీ రాసింది. బాలరాజ్‌కి రాసింది, చింటుకి రాసింది. బాపు దగ్గరికి వచ్చి ఆగింది. గోడలు ఏవీ దగ్గర్లో లేవు.

"రాంచందర్, ఇటు తిరుగు" అంది.

బాపు తిరిగాడు.

"మా ఆయన తల గూడ గిట్లనే ఉండె. రుమాలు కింద దాసిన. నీ తప్పేం లేకుండె బిడ్డా, ఊకెనే అన్న నిన్ను." రెండు చేతులతో తలంతా గంధం రాసింది, చిన్నపిల్లవాడికి రాసినట్టు చెవుల వెనక కూడా రాసింది. బాపు ఏడ్చాడు. గంధం కళ్లలో పడిందన్నాడు. అమ్మ కూడా ఏడ్చింది, ఆమెకి గంధం రాయలేదు. నేను ఏడ్చిన సంగతి ఇక్కడ రాస్తున్నాను కాబట్టి దాచినట్టు కాదు.

మెట్ల మీద ఫొటో దిగాం. అమ్మమ్మ, బాపు, బాలరాజ్, చింటు, పచ్చటి గుండ్లు నాలుగు వరసగా. అటు చివర అమ్మ, ఇటు చివర నేను, పూలు పెట్టుకున్న జడలతో. ఫొటో తీసినాయన మమ్మల్నిద్దరినీ చూసి, "మీ ఇంట్ల ఆడోళ్లకు మాత్రం దేవుడు మంచిగ ఇచ్చిండమ్మా" అన్నాడు. బాలరాజ్‌కి నవ్వాగలేదు. కొంగ ఏదో చేసిందని చెప్పడానికి అక్కడ చెరువు కూడా లేదు. ఎందుకు నవ్వుతున్నావని అందరూ అడిగారు. నా వంక చూసి, "మా కొడుకును అడుగున్రి, చెప్తడు" అన్నాడు.